నవ్వు దేనిమీద పుడుతోంది: పిల్లలకు చైనా జానపద బొమ్మల కథ ఎంచుకునేవారికి

నాలుగేళ్ళకూ ఎనిమిదేళ్ళకూ మధ్య పిల్లలకు పడుకోబోయేముందు చదివి వినిపించేందుకు, చైనా జానపద కథల బాణీలో నవ్వు తెప్పించే బొమ్మల పుస్తకం ఒకటి కొందామనుకునేవారికి ఇంగ్లీషులో పుస్తకాల కొరత లేదు. చిక్కల్లా అట్ట చూసి తేల్చుకోలేకపోవడంలోనే ఉంది. వంపు తిరిగిన చూరులూ, పొడవాటి జడలూ, మంచు కప్పిన కొండలూ చాలా అట్టల మీద ఒకేలా కనిపిస్తాయి. లోపలికి వెళ్ళి చూస్తే ఒకటి జపాను హాస్యకథకు వేసిన చైనా వేషం, మరొకటి ఫ్రెంచి వంటింటి సరుకుతో వండిన చైనా కథ, ఇంకొకటి మాత్రం చైనా పల్లెల్లో నిజంగా చెప్పుకున్న కథ. మూడూ పిల్లలను నవ్విస్తాయి. కాబట్టి ఏ పుస్తకం ఎక్కువ నవ్విస్తుందో చూసే ముందు, ఆ నవ్వు దేనిమీద పుడుతోందో చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

మేముండేది అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో. పాపకు నాలుగున్నరేళ్ళు, బాబుకు ఏడేళ్ళు. ఈ పుస్తకాలు చాలావరకు లైబ్రరీ నుంచి తెచ్చినవే. ఇంగ్లీషు వాక్యాలను ఒకసారి చదివి, రెండోసారి నుంచి బొమ్మలు చూపిస్తూ తెలుగులోనే చెప్పుకుపోవడం మా ఇంటి అలవాటు. తెలుగులోకి తెచ్చినప్పుడు కూడా కథ నిలబడుతుందా లేదా అన్నది అందువల్ల నాకు ముఖ్యమైన కొలత అయింది. మాటల చమత్కారం మీదనే ఆధారపడిన కథ భాష మారగానే చప్పబడిపోతుంది. జరిగే సంఘటనలోనే హాస్యం ఉన్న కథ ఏ భాషలో చెప్పినా చెక్కుచెదరదు.

అందరికన్నా ముందు ఎవరైనా చేతికందించే పుస్తకం, 1968లో ఆర్లీన్ మోసెల్ తిరగరాయగా బ్లెయిర్ లెంట్ బొమ్మలు వేసిన టిక్కీ టిక్కీ టెంబో. ఆ ఏడాదే దానికి బొమ్మల పుస్తకాల విభాగంలో బోస్టన్ గ్లోబ్-హార్న్ బుక్ పురస్కారం లభించింది. కథ చిన్నది. పెద్ద కొడుకును గౌరవించడం ఆచారం కనుక ఒక తల్లి అతనికి గుక్కతిప్పుకోకుండా పలకవలసినంత పొడవైన పేరు పెడుతుంది. చిన్నవాడికి చాంగ్ అనే పొట్టి పేరు పెట్టి సరిపెడుతుంది. చిన్నవాడు నూతిలో పడినప్పుడు క్షణాల్లో కబురు అంది, నిచ్చెన ఉన్న ముసలాయన వచ్చి బయటికి తీస్తాడు. పెద్దవాడు పడినప్పుడు తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చి ఆ పేరంతా చెప్పేలోగా ఊపిరి అందక తడబడతాడు, తల్లికేమో ఏటి హోరులో సరిగా వినిపించదు, పేరును గౌరవంగా పలకలేదని పైగా కోప్పడుతుంది. ఈలోగా నూతిలో ఉన్నవాడి పరిస్థితి పిల్లలకు అర్థమవుతూనే ఉంటుంది. ఒక వైపు ఆదుర్దా, మరొక వైపు ఆపుకోలేని నవ్వు.

బిగ్గరగా చదివేందుకు ఇంతకన్నా అనువైన పుస్తకం దొరకడం కష్టమని ముందే ఒప్పుకుంటున్నాను. రెండోసారి చదివేటప్పటికి పిల్లలు పేరంతా కంఠతా పట్టి మనకన్నా ముందు అందుకుంటారు. పేరు మరచిన ఈగ కథలో వరసలన్నీ ఒక్క గుక్కలో చెప్పించుకున్న తెలుగు పిల్లలకు ఈ సరదా కొత్తదేమీ కాదు. పైగా పొడవైన పేరు కష్టాలు మనకు తెలియనివా? తాతగారి పేరూ, ఇష్టదైవం పేరూ, మొక్కుకున్న నాగేంద్రుడి పేరూ, వీటన్నిటికీ ముందు ఇంటిపేరూ కలిపి పెట్టిన వెంకట నాగ సూర్య సత్యనారాయణ వరప్రసాదులు ఇక్కడ దరఖాస్తు కాగితాల్లో గళ్ళు చాలక ఏ ముక్క కోసేయాలో తెలియక తల పట్టుకోవడం ప్రతి తెలుగు కుటుంబానికీ అనుభవమే. కనుక ఈ హాస్యం మనకు సులభంగా పడుతుంది.

అయితే అది చైనా హాస్యం కాదు. జపానులో ఒక కళాకారుడు మెత్త మీద మోకరిల్లి కూర్చొని, చేతిలో విసనకర్రతో ఒంటిగా చెప్పే రకుగో అనే కథన కళ ఉంది; అందులో అందరికీ తెలిసిన జుగెము కథే దీనికి మూలమై ఉండవచ్చని పరిశీలకులు భావిస్తున్నారు. బిడ్డకు దీర్ఘాయువు కలగాలని ఒక తండ్రి గుడి పూజారిని అడిగి, ఆయన చెప్పిన శుభనామాల్లో ఏది వదులుకోవాలో తేల్చుకోలేక అన్నిటినీ కలిపి పెట్టేస్తాడు. జుగెము అంటే అంతులేని ఆయుష్షు. దాని తరువాతి మాటకు అయిదు కల్పాల కాలమని అర్థం. దేవకన్య ఎప్పుడో ఒకసారి దిగివచ్చి తన వస్త్రం అంచుతో ఒక బండను తాకి వెళ్ళగా వెళ్ళగా ఆ బండ అరిగిపోవడానికి పట్టే కాలమే ఒక కల్పమని బౌద్ధం చెప్పే పోలిక అందులో ఇమిడి ఉంది. కల్పం అనే మాట మనదే కనుక ఈ పేరును తెలుగులో వివరించడం ఎంత సులువో ఊహించవచ్చు. ఆ కథ ముగింపు కూడా తేలికైనది: ఆ పిల్లవాడు తోటివాడి తల మీద కొడితే బొప్పి కడుతుంది, కొట్టించుకున్నవాడు ఫిర్యాదుకు వచ్చి కొట్టినవాడి పేరు పూర్తిగా చెప్పేసరికి బొప్పి కాస్తా తగ్గిపోతుంది.

ఇంగ్లీషు పుస్తకంలోని పేరు ఏ చైనా భాషలోని మాటల్లాగానూ లేదు. అవి ఉత్త ధ్వనులు. చైనీయుల పేర్లు సాధారణంగా ఇంటిపేరుతో కలిపి రెండు మూడు అక్షరాలకు మించవు. చాంగ్ అంటే పెద్దగా ఏమీ లేనిదని అర్థమని ఆ పుస్తకం చెబుతుంది. చైనా భాషలో ఆ ఉచ్చారణతో ఉన్న లిపి సంకేతాలు చాలా ఉన్నాయి, వాటిలో బాగా వాడుకలో ఉన్న ఒకదానికి అర్థం పొడవు. పొట్టి పేరు వాడికి పొడవు అనే అర్థం వచ్చే పేరు తగలడం ఈ పుస్తకంలో రచయిత్రి ఉద్దేశించని హాస్యం. చివరి పేజీలో, అప్పటినుంచే చైనీయులు పిల్లలకు చిన్న పేర్లు పెట్టడం మొదలుపెట్టారన్నట్టు ముక్తాయింపు ఉంటుంది. అది చదివినప్పుడు నాకు అభ్యంతరం తోచలేదు. రెండు రోజుల తరువాత మా వాడు తన తరగతిలోని చైనా కుటుంబపు పిల్లవాడిని ఆ పుస్తకంలోని ధ్వనులతో సాగదీసి పిలిచాడని తెలిసింది. వాడి దృష్టిలో అది ఆటే. పిలిపించుకున్న పిల్లవాడు మాత్రం ఆ రోజు మధ్యాహ్నం మావాడి పక్కన కూర్చోలేదు. నవ్వు సంఘటన మీద కాక మనుషుల పేర్ల మీద పుట్టినప్పుడు జరిగేది ఇదేనని ఆ రోజు అర్థమైంది.

కనుక పిల్లలకు చైనా గురించి పరిచయం చేసే మొదటి పుస్తకంగా దీన్ని కొనవద్దని నా సలహా. కథ మీద మనసుంటే పుస్తకం అక్కరలేదు: జపాను కథ అని చెప్పి జుగెమును నోటితో చెప్పవచ్చు, పేరుకు బదులు మన ఇళ్ళలోని పేర్లన్నీ దండగా గుచ్చి పెట్టవచ్చు. మా పాప తన ముత్తాతల పేర్లు అయిదు ఈ కథ పుణ్యమా అని నేర్చుకుంది.

రెండో పేరు మోసిన పుస్తకం 1938 నాటి అయిదుగురు చైనా అన్నదమ్ములు. పారిస్‌లో పిల్లల గ్రంథాలయంలో పనిచేసి న్యూయార్క్ చేరిన క్లెయిర్ ఉషే బిషప్ రాశారు. చైనాలో కొన్నేళ్ళు గడిపిన కర్ట్ వీస్ బొమ్మలు వేశారు. ఒకడు సముద్రాన్ని పుక్కిట పట్టగలడు, ఒకడి మెడ ఇనుము, ఒకడి కాళ్ళు ఎంతైనా సాగుతాయి, ఒకడిని నిప్పు కాల్చలేదు, ఒకడు ఊపిరి బిగబట్టి ఎంతసేపైనా ఉండగలడు. ఇక్కడ మరణశిక్ష తప్పించుకోవడమే హాస్యం, అంతకుముందు ఒక చిన్నపిల్లవాడు సముద్రంలో మునిగి చనిపోవడం ఆ శిక్షకు కారణం. నాలుగేళ్ళ పిల్లకు ఆ పేజీ ఎలా దాటించాలో నాకు తోచలేదు. చివరివాడిని ఊపిరాడకుండా చంపేందుకు పొయ్యి నిండా చిలికిన మీగడ నింపుతారు. పాత చైనా వంటల్లో మీగడకు చోటు దాదాపు లేదన్నది తెలిస్తే ఆ బొమ్మ మరింత నవ్వు తెప్పిస్తుంది కాని, ఆ నవ్వు పెద్దలది. బొమ్మల్లో అన్నదమ్ములు ఒకేలా ఉండటం కథకు అవసరమే. ఊరిజనమంతా అదే పసుపుపచ్చని మొహంతో ఉండటానికి మాత్రం సమాధానం లేదు.

అదే కథ కావాలంటే న్యూజిలాండ్ రచయిత్రి మార్గరెట్ మాహీ రాసిన 1990 నాటి ఏడుగురు చైనా అన్నదమ్ములు తీసుకోవడం నయం. జీన్, మౌ-సియెన్ త్సెంగ్ దంపతులు దీనికి బొమ్మలు వేశారు. కథాకాలం కూడా తేటతెల్లం: క్రీస్తుపూర్వం 221లో చైనాను ఏకం చేసిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి మహాకుడ్యం కట్టిస్తున్న రోజులు. గోడ కట్టే కూలీల ఏడుపు మొదటివాడు ఆమడల దూరం నుంచి వింటాడు, రెండోవాడు అంత దూరం చూస్తాడు, మూడోవాడు వెళ్ళి సాయం చేస్తాడు, అక్కడి నుంచి చక్రవర్తికి భయం పట్టుకుంటుంది. కడసారివాడి ప్రతిభ చిత్రమైనది. వాడి కన్నీటిబొట్టు ఒక్కటి ఊరిని ముంచగలదు కనుక అన్నలందరూ వాడు ఏడవకుండా చూసుకోవడమే పనిగా పెట్టుకుంటారు. భర్త ఆ గోడ పనిలో చనిపోతే మెంగ్ జియాంగ్ అనే ఇల్లాలు కార్చిన కన్నీటికి గోడ కూలిందన్న కథ చైనాలో ఇంటింటికీ తెలిసినదే, ఆ కన్నీటి చెమ్మ ఈ పుస్తకానికీ అంటుకుంది.

ఇందులో నవ్వు ఎవరి పేరు మీదా రంగు మీదా లేదు, బలవంతుడు తెల్లబోవడం మీద ఉంది. రాజుగారి ఏడుగురు కొడుకులూ ఏడు చేపలూ అని మొదలయ్యే కథతో పెరిగినవారికి ఏడుగురి వరస నోటికి తేలికగా వస్తుంది. పదిమంది పిల్లలు చేరిన చోట చెప్పేందుకు ఇదే సరైనది: తలా ఒక అన్నగారి వేషం పంచి, తన వంతు రాగానే లేచి నిలబడమంటే పుస్తకం సగం వాళ్ళే నడిపిస్తారు. అయిదేళ్ళలోపు పిల్లలకు మాత్రం వాక్యాలు కొంచెం బరువు. ఆడపిల్లలున్న ఇంట్లో ఇదెందుకు అందరూ మగవాళ్ళే అన్న ప్రశ్న తప్పక వస్తుంది. మా పాప మూడో పేజీలోనే అడిగింది. కాతీ టకర్ రాయగా గ్రేస్ లిన్ బొమ్మలు వేసిన ఏడుగురు చైనా అక్కచెల్లెళ్ళు అనే 2003 నాటి పుస్తకం దానికి జవాబు. స్కూటరు నడిపే అక్క, కరాటే తెలిసిన అక్క, కుక్కలతో మాట్లాడే అక్క అందరూ కలిసి, డ్రాగన్ ఎత్తుకుపోయిన పసి చెల్లెలిని తెచ్చుకుంటారు. ప్రాచీనత సంగతి అడగకూడదు, సరదాకు లోటు లేదు.

ఇప్పటికి చెప్పినవన్నీ పక్కన పెట్టి ఒక్క పుస్తకమే కొనమంటే నేను కొనేది లిలీ టోయ్ హాంగ్ తానే రాసి తానే బొమ్మలు వేసిన 1993 నాటి టూ ఆఫ్ ఎవ్రీథింగ్, అంటే రెండేసి అన్నీ. హక్‌టాక్ అనే పేద ముసలాయన పెరట్లో తవ్వుతుంటే పాతకాలపు ఇత్తడి పాత్ర ఒకటి బయటపడుతుంది. మన గంగాళమంత ఉంటుంది. మోసుకొచ్చేందుకు వీలుగా తన డబ్బు సంచిని అందులో వేస్తాడు. ఇంటికొచ్చాక ముసలావిడ వంగి చూస్తుంటే ఆమె జుట్టుపిన్ను జారి లోపల పడుతుంది. చెయ్యి పెట్టి తీస్తే రెండు పిన్నులు, రెండు సంచులు. పిల్లలు ఇక్కడే పట్టేస్తారు; తరువాతి పేజీ తిప్పకముందే ఏమేమి వేయాలో జాబితా చదవడం మొదలుపెడతారు. ముసలివాళ్ళిద్దరూ రాత్రంతా నాణేలు వేసి తీసి వేసి తీసి అలసిపోతారు. ఆ తరువాత ఒక రోజు ముసలావిడే కాలు జారి తలకిందులుగా పాత్రలో పడుతుంది. ముసలాయన కాళ్ళు పట్టి లాగి ఆమెను బయట పెట్టి, హమ్మయ్య అనుకుంటూ తిరిగి చూసేసరికి పాత్రలోంచి మరో జత కాళ్ళు పైకి ఆడుతూ కనిపిస్తాయి.

ఆ బొమ్మ దగ్గర మా ఇంట్లో ప్రతి రాత్రీ ఆగవలసిందే. ఏడేళ్ళవాడు ముసలాయన పడే చిక్కు గురించి ఆలోచిస్తాడు, ఇప్పుడు అసలు భార్య ఎవరని అడుగుతాడు. నాలుగున్నరేళ్ళ పాపకు ఆ కాళ్ళు చాలు. ఒక రాత్రి తన జుట్టు క్లిప్పును స్టీలు గిన్నెలో వేసి, మూతపెట్టి, దాని మీద పుస్తకం బరువు పెట్టి పడుకుంది. తెల్లవారి తెరిచి చూస్తే ఒక్కటే ఉంది. గిన్నె ఇత్తడిది కాదు కనుకనే పని చేయలేదని తేల్చి, అమ్మమ్మ వాళ్ళింట్లో అటక మీద ఉన్న ఇత్తడి బిందె ఎప్పుడు తెస్తారని ఫోనులో అడిగింది. కథ వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిందనడానికి నాకు ఇంకే ఆధారం అక్కరలేకపోయింది.

ఈ కథకు చైనాలో నిజమైన వేర్లు ఉన్నాయి. సిరుల పళ్ళెం అనదగిన ఇలాంటి పాత్ర ఒకటి యువాన్, మింగ్ వంశాల సంధికాలపు ధనికుడు షెన్ వాన్‌సాన్ దగ్గర ఉండేదని అక్కడ చెప్పుకుంటారు. జర్మన్ పండితుడు రిచర్డ్ విల్హెల్మ్ 20వ శతాబ్దం తొలినాళ్ళలో ప్రచురించిన చైనా కథల్లో దీనికి మరీ ముతకైన రూపం ఉంది. అందులో పొలంలో దొరికిన పెద్ద మట్టి కాగును కడుగుతుంటే లోపల పడిన కుంచెకు బదులు అంతులేకుండా కుంచెలు వస్తాయి. డబ్బు పడితే డబ్బు వస్తుంది. ఆ డబ్బు తోడే పని అప్పగించిన ముసలి తాత ఓపికలేక అందులో పడి చనిపోతాడు. అప్పటినుంచి కాగులోంచి చనిపోయిన తాతలే వస్తుంటారు, వాళ్ళందరికీ అంత్యక్రియలు చేయించలేక వచ్చిన డబ్బంతా ఖర్చయిపోతుంది. పెద్దవాళ్ళకు ఈ రూపమే ఎక్కువ రుచిస్తుంది, నాకూ అంతే. పిల్లల పుస్తకంలో ముసలాయన కూడా పాత్రలో పడ్డాక, శవాల స్థానంలో బతికున్న ఇంకో జంట వచ్చింది. వాళ్ళకు పక్కనే ఇంకో ఇల్లు కట్టించి, అన్నీ రెండేసి ఉన్నాయి కనుక పంచుకోవడమూ సులువే అన్నట్టు కథ ముగుస్తుంది. అక్షయపాత్ర కథ తెలిసిన మన పిల్లలకు ఇందులో ఒక కొత్త మెలిక కూడా దొరుకుతుంది: ద్రౌపది పాత్ర అడిగింది పెడుతుంది, ఈ పాత్ర అడగనిది కూడా పెడుతుంది.

బొమ్మలు గుండ్రంగా, రంగులు తేటగా, పేజీకి నాలుగైదు వాక్యాలకు మించకుండా ఉంటుంది. తెలుగులో చెప్పేవారికి ఒక్క మాట కూడా అడ్డురాదు. రెండేసి లెక్కపెట్టడం నేర్చుకునే వయసు పిల్లలకు ఎక్కం అడక్కుండానే లెక్క కూడా వచ్చేస్తుంది, అయితే ఆ సాకుతో మధ్యలో ఆపి ప్రశ్నలు వేయకుండా ఉంటే మంచిది.

తోడేలు అమ్మమ్మ వేషం వేసుకుని వచ్చే లోన్ పో పో గురించి చాలామంది అడుగుతారు కనుక ఒక మాట చెప్పాలి. టియాంజిన్‌లో పుట్టి షాంఘైలో పెరిగిన ఎడ్ యంగ్ 1989లో చేసిన ఈ పుస్తకానికి, అమెరికాలో ఏటా ఉత్తమ బొమ్మల పుస్తకానికి ఇచ్చే కాల్డెకాట్ పతకం 1990లో వచ్చింది. నేను చెప్పిన వాటన్నిటిలోకీ బొమ్మలు దీనివే గొప్పవి. పెద్దక్క చీకట్లో తోక తగిలి ఇదేమిటని అడిగితే, బుట్ట అల్లేందుకు తెచ్చిన జనపనార అని తోడేలు అబద్ధమాడే చోట చిన్న నవ్వు మెరుస్తుంది. ఆ తరువాత చెట్టెక్కిన ముగ్గురు పిల్లలూ తోడేలును బుట్టలో పైకి లాగి వదిలేస్తారు, అది చస్తుంది. నవ్వు కోసం వెతికేవారికి ఇది కాదు. ఆరేళ్ళు దాటిన, భయపడటం ఇష్టమైన పిల్లలకు పగటిపూట చదవదగినది.

వుహాన్‌లో పుట్టి పెరిగిన యింగ్ చాంగ్ కాంపెస్టీన్ పుస్తకాలు ఇంకో కోవ. కాంగ్ ఇంటి ముగ్గురు అల్లరి అన్నదమ్ములు పుల్లలతో అన్నం తినడం, నూడుల్స్, కాగితం ఎలా కనిపెట్టారో చెప్పే కథలు అవి. జానపదంలా వినిపిస్తాయి కాని ఆమె సొంత కల్పనలు. వేడి ముద్ద చేత్తో పట్టుకోలేక రెండు పుల్లలతో లాగించే ఆకలిపోతు తమ్ముడు ఎవరింట్లోనైనా ఉండేవాడే. వంటింట్లో కూర్చోబెట్టి చెప్పేందుకు బాగుంటాయి, కొన్నిటి చివర ఒక వంటకం చేసే విధానం కూడా ఇస్తారు.

ఎవరికి ఏది అంటే, అయిదేళ్ళలోపు బిడ్డకు ఇత్తడి పాత్ర కథ తప్ప మరొకటి వెతకనక్కరలేదు. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లవాడు మాహీ పుస్తకంలోని ఏడుగురిని వారం రోజులు ఆడుకుంటాడు. ఇద్దరు వేర్వేరు వయసుల పిల్లలను ఒకే మంచం మీద పడుకోబెట్టే ఇళ్ళలో మళ్ళీ ఇత్తడి పాత్రే గెలుస్తుంది, ఎందుకంటే చిన్నది బొమ్మకు నవ్వుతుంది, పెద్దది చిక్కుకు నవ్వుతుంది. చైనా కుటుంబపు పిల్లలకు పుట్టినరోజు కానుకగా ఇవ్వాలంటే ఈ రెండిటిలో ఏదైనా నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. పాత అన్నదమ్ముల పుస్తకాన్నీ పొడవు పేరు పుస్తకాన్నీ మాత్రం ఇవ్వకండి. ఇక్కడ పేర్కొనని పుస్తకం ఏదైనా చేతికి వస్తే, ఎక్కడి కథో చెప్పే చిన్న వివరణ ముందో వెనకో ఉందేమో చూడండి. లేకపోయినా పరవాలేదు కాని, జనసందడి ఉన్న బొమ్మ ఒకటి తెరిచి ముఖాలు వేర్వేరుగా ఉన్నాయో లేదో తప్పక చూడండి. అర నిమిషంలో పుస్తకం సంగతి తెలిసిపోతుంది.

కొత్త ప్రతి దొరకక పాతది కొనవలసి వస్తే, గంగాళంలోంచి రెండో జత కాళ్ళు పైకి లేచే పేజీ ఉందో లేదో ముందుగా అడిగి కొనండి. మేము లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ప్రతిలో మిగతా పేజీలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఆ ఒక్క పేజీకే రెండు వైపులా టేపు అంటించి ఉంది.